కవర్ లెటర్ మొదటి వాక్యం దగ్గరే నాలుగు రోజులుగా ఆగిపోయాను, కాస్త చూసి చెప్పండి

ట్యాలీ_కాని_బ్యాలెన్స్ | ఆదివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది దిల్‌సుఖ్‌నగర్. ఉస్మానియాలో బీకామ్ అయింది. రెండేళ్లుగా కోఠిలో ఒక మందుల హోల్‌సేల్ షాపులో అకౌంట్లు చూస్తున్నాను. పటాన్‌చెరు దగ్గర ఒక ఫార్మా కంపెనీలో అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్ పోస్టు పడింది. రెజ్యూమెతో పాటు కవర్ లెటర్ తప్పనిసరి అని రాశారు. రెజ్యూమె ఎలాగో తయారుచేశాను గానీ ఈ ఉత్తరం నా వల్ల కావడం లేదు. పంపేది ఇంగ్లిష్‌లోనే. ముందు విషయం కుదరాలని ఇక్కడ తెలుగులో పెడుతున్నా:

"గౌరవనీయులైన సర్/మేడమ్, మీ ప్రతిష్ఠాత్మక సంస్థలో అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్ పదవికి దరఖాస్తు చేసుకోవడం నాకెంతో సంతోషంగా ఉంది. నేను కష్టపడి పనిచేసే, చురుకైన, అందరితో కలిసిపోయే వ్యక్తిని. పెద్ద కంపెనీలో అనుభవం లేకపోయినా నేర్చుకోవాలన్న తపన ఉంది. మీ సంస్థతో పాటు నేనూ ఎదగాలని ఆశిస్తున్నాను. దయచేసి ఒక్క అవకాశం ఇప్పించగలరని ప్రార్థన."

బాగోలేదని నాకూ తెలుస్తోంది. ఎందుకు బాగోలేదో మాత్రం అంతు చిక్కట్లేదు. గడువు వచ్చే ఆదివారం.

కూకట్‌పల్లి_కోడర్ | ఆదివారం రాత్రి 9:52

కవర్ లెటర్ ఎవడు చదువుతాడు బాస్? ఆరేళ్లలో మూడు కంపెనీలు మారా, ఒక్కటీ రాయలేదు. పోర్టల్‌లో ఆ డబ్బా కనపడితే ఒక చుక్క పెట్టి ముందుకెళ్లిపోయేవాణ్ని. రెజ్యూమెలో కీవర్డ్స్ సరిగ్గా పెట్టుకో చాలు.

బోడుప్పల్_మల్లన్న | ఆదివారం రాత్రి 10:05

తమ్మీ, గా "ప్రార్థన" ఏందిరా నాయనా! నౌకరి అడుగుతున్నవా, రేషన్ కార్డు అడుగుతున్నవా? సదువుతుంటె నాకే నీ చేతుల రూపాయి పెట్టాలనిపిస్తున్నది.

హెచ్చార్_వదిన | ఆదివారం రాత్రి 10:31

కోడర్ గారు చెప్పింది వాళ్ల లైన్‌లో నిజమే. మాదాపూర్‌లో ఒక ఐటీ కంపెనీలో నాలుగేళ్లు రిక్రూట్‌మెంట్ చూశాను. ఫ్రెషర్లని వందల్లో తీసుకునేటప్పుడు కవర్ లెటర్ ఎవరూ తెరవరు, తెరిచే టైమూ ఉండదు. ఇప్పుడు చేస్తున్నది ఒక చిన్న ఫార్మా కంపెనీలో. ఇక్కడ కథ వేరు. ఒక్క పోస్టు పడుతుంది, వచ్చిన మెయిళ్లు నేనూ అకౌంట్స్ మేనేజరూ పక్కపక్కన కూర్చుని చూస్తాం. ఆయనకి రెజ్యూమెలన్నీ ఒకేలా కనపడతాయి. బీకామ్, ట్యాలీ, జీఎస్టీ, ఎమ్మెస్ ఆఫీస్. నలభై మందీ అదే. అప్పుడే ఉత్తరం వైపు చూపు పోతుంది.

"తప్పనిసరి" అని ఎందుకు రాస్తామో కూడా చెప్తా. ప్రకటన పూర్తిగా చదివిందెవరో తెలుసుకోవడానికి. ఉత్తరం లేని మెయిల్ అక్కడే ఆగిపోతుంది. ఉత్తరం ఉండి, అందులో పక్క కంపెనీ పేరు మార్చకుండా వదిలేసినవి నెలకి రెండు మూడన్నా తగులుతాయి. కిందటి నెల ఒకబ్బాయి ఏకంగా "కంపెనీ పేరు ఇక్కడ రాయండి" అన్న ముక్కని కూడా అలాగే పంపాడు.

ఇక తమ్ముడూ, నీ ఉత్తరం. తప్పు భాషది కాదు. నీ పేరు తీసేసి మీ పక్కింటి అబ్బాయి పేరు పెడితే ఒక్క అక్షరం మార్చక్కర్లేదు, అదీ సంగతి. ముందు ఒకటి చెప్పు. పొద్దున్న షాపు షట్టర్ తీశాక నువ్వు మొదట ముట్టుకునేది ఏంటి? ఉత్తరంలా కాదు, నాకు చెప్తున్నట్టు రాయి.

పెసరట్టు_ఉప్మా | ఆదివారం రాత్రి 10:40

వదిన గారి ప్రశ్న బాగుంది. నేను కూడా వెయిటింగ్.

ట్యాలీ_కాని_బ్యాలెన్స్ | ఆదివారం రాత్రి 11:48

అక్కా, మొదట ముట్టుకునేది ఎక్స్‌పైరీ డబ్బా. నవ్వకండి. రిటైల్ షాపుల వాళ్లు డేటు అయిపోయిన స్ట్రిప్పులు కవర్లలో కట్టి రాత్రే పడేసిపోతారు. బ్యాచ్ నంబరు, డేటు చూసి ఏ కంపెనీవి ఆ కంపెనీకి విడదీయాలి. రిటైలర్‌కి మేం క్రెడిట్ నోట్ (వెనక్కి వచ్చిన సరుకు డబ్బు బాకీలో తగ్గించే కాగితం) ఇవ్వాలి, మాకు కంపెనీ ఇవ్వాలి. ఆ రెండోది అంత తొందరగా రాదు, వెంటపడాలి.

తర్వాత కొనుగోలు బిల్లులు ట్యాలీలో, అంటే అకౌంట్ల సాఫ్ట్‌వేర్‌లో, ఎక్కించడం. నెలకి నాలుగొందల దాకా ఉంటాయి. స్కీములు ఉంటాయి కదా, పది కొంటే ఒకటి ఫ్రీ లాంటివి, అవి చూసి ఎక్కించాలి, లేకపోతే స్టాకు తేడా కొడుతుంది.

నెలలో 14న 2బీ వస్తుంది, అంటే సప్లయర్లు మా పేరు మీద చూపించిన బిల్లుల జీఎస్టీ లిస్టు. దాన్ని మా బిల్లులతో సరిపోల్చాలి. ముందు దాన్ని బయట ఒక కన్సల్టెంట్ చూసేవారు. కిందటేడు జూన్‌లో నేనే ఓనర్‌ని అడిగి తీసుకున్నా. మొదటి నెలే ఒక సప్లయర్ బిల్లులు ఒక్కటీ కనపడలేదు. వెనక్కి వెళ్లి చూస్తే మార్చి, ఏప్రిల్‌లో కూడా లేవు. సరుకు వచ్చింది, డబ్బు కట్టేశాం, బిల్లు చేతిలో ఉంది, జీఎస్టీ పోర్టల్‌లో మాత్రం లేదు. తర్వాత తెలిసిందేంటంటే మా షాపు పేరుతోనే వరంగల్‌లో ఇంకో షాపు ఉంది. సప్లయర్ దగ్గర కొత్తగా చేరిన బిల్లింగ్ అబ్బాయి లిస్టులో దాన్ని ఎంచుకుంటున్నాడు. మా క్రెడిట్ అంతా ఆ వరంగల్ షాపు ఖాతాలోకి పోతోంది. 1,84,320 రూపాయలు. సవరణ పెట్టించాక మాకు వచ్చింది.

ఇదంతా మామూలు పనే కదా. దీన్ని ఉత్తరంలో రాస్తే "ఇంతేనా" అనుకోరా?

ఆర్టికల్స్_అనుభవం | సోమవారం ఉదయం 7:15

మామూలు పనా! నేను అబిడ్స్‌లో ఒక ఆడిట్ ఆఫీసులో ఉన్నాను. పొద్దున్నే టీ తాగుతూ ఇది చదివి గ్లాసు పక్కన పెట్టేశా. మిగతా వాళ్లకోసం రెండు ముక్కలు: సప్లయర్ తన అమ్మకాల రిటర్న్, అంటే జీఎస్టీఆర్-1, వేశాకే కొన్నవాడి 2బీలో ఆ బిల్లు కనపడుతుంది. అక్కడ కనపడని బిల్లు మీద ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నుని మనం కట్టాల్సిన పన్నులో తగ్గించుకోవడం) తీసుకోవడానికి లేదు. అంటే ఒకసారి సప్లయర్‌కి కట్టిన పన్ను మళ్లీ జేబులోంచి కట్టినట్టే. ఇంకో సంగతి. జీఎస్టీ నంబరులో 15 అక్షరాలుంటాయి, చివరిది చెక్ అక్షరం. ఒక అంకె తప్పు కొడితే పోర్టల్ తీసుకోదు. కానీ ఇక్కడ పడింది వేరేవాళ్ల అసలైన నంబరు, పైగా అదే రాష్ట్రం, అదే పేరు. పోర్టల్‌కి ఏ తప్పూ కనపడదు. మనిషి కూర్చుని సరిపోలిస్తేనే దొరుకుతుంది.

ఫార్మా కంపెనీ అకౌంట్స్ మేనేజర్‌కి నెలనెలా ఉండే తలనొప్పి ఇదే. నువ్వేమో "చురుకైన వ్యక్తిని" అని రాస్తున్నావు.

బోడుప్పల్_మల్లన్న | సోమవారం ఉదయం 8:02

గీ ముచ్చట రాయి తమ్మీ! గిదే రాయి! వరంగల్ దుక్నపాయన మూడు నెల్ల సంది ఎంత సంబురపడ్డడో పాపం.

కూకట్‌పల్లి_కోడర్ | సోమవారం ఉదయం 9:30

సరే, స్టోరీ బాగుంది. దీన్నంతా ఏఐ చాట్‌బాట్‌లో పడేస్తే నిమిషంలో ప్రొఫెషనల్ లెటర్ ఇస్తుంది. ఇంత కష్టం ఎందుకు?

ఇంకోటి, షాపు అనుభవం అని రాస్తే చీప్‌గా ఉంటుంది. మా రూమ్మేట్ ఒకడు అమీర్‌పేటలో ఎవరినో పట్టుకుని ఒక ప్రైవేట్ లిమిటెడ్ పేరు మీద ఎక్స్‌పీరియెన్స్ లెటర్ చేయించుకున్నాడు. వాడికి పనైపోయింది.

ఆర్టికల్స్_అనుభవం | సోమవారం ఉదయం 9:44

కోడర్ గారూ, రెండో సలహా దయచేసి వెనక్కి తీసుకోండి. చేరేటప్పుడు యూఏఎన్, అంటే పీఎఫ్ నంబరు, అడుగుతారు. పీఎఫ్ ఖాతాలో ఎప్పుడు ఏ కంపెనీలో ఉన్నాడో మొత్తం కనపడుతుంది. రాసిన కంపెనీ అందులో లేకపోతే అక్కడికి అయిపోయింది. అదీ అకౌంట్స్ ఉద్యోగానికి. పుస్తకాలు చూడాల్సినవాడే దొంగ కాగితం తెస్తే ఇంకేం చెప్పాలి!

ట్యాలీ_కాని_బ్యాలెన్స్ | సోమవారం మధ్యాహ్నం 1:20

దొంగ కాగితం జోలికి నేను పోను. కానీ నాకున్న అసలు భయం అక్కడే ఉంది. మా షాపులో పీఎఫ్ లేదు. మొత్తం ఆరుగురం. మొదటి ఏడాది జీతం చేతికే ఇచ్చారు, తర్వాత్నుంచి బ్యాంకులో వేస్తున్నారు. రెండేళ్లు చేశానని ఎలా నమ్ముతారు?

హెచ్చార్_వదిన | సోమవారం మధ్యాహ్నం 1:55

పీఎఫ్ చట్టం వర్తించేది ఇరవై మందీ ఆపైన ఉన్న చోట. ఆరుగురున్న షాపులో లేకపోవడం తప్పేమీ కాదు, ఏ హెచ్చార్‌కైనా తెలుస్తుంది. మీ ఓనర్ గారి చేత లెటర్‌హెడ్ మీద నాలుగు లైన్లు రాయించుకో. ఎప్పట్నుంచి, ఏ పని, సంతకం, స్టాంపు. షాపు జీఎస్టీ నంబరు కింద ఉండాలి. బ్యాంకులో జీతం పడిన ఏడాది స్టేట్‌మెంట్ తీసి ఉంచుకో. ఇవేవీ ఉత్తరంలో ఎక్కించకు. అడిగినప్పుడు చూపిస్తావు. ఉత్తరంలో ముందే సంజాయిషీ మొదలుపెడితే, ఏమీ అనుకోని మనిషి కూడా ఏదో ఉందనుకుంటాడు. "పెద్ద కంపెనీలో అనుభవం లేకపోయినా" అన్న వాక్యం అందుకే తీసెయ్యాలి.

చాట్‌బాట్ సంగతి. వాడుకో, వద్దనను. వ్యాకరణం దిద్దించుకో. కానీ మొత్తం దాని చేత రాయిస్తే వచ్చేది నాకు కంఠతా వచ్చు: "ఐ యామ్ రైటింగ్ టు ఎక్స్‌ప్రెస్ మై కీన్ ఇంట్రెస్ట్". మొన్న ఒకే రోజు పదకొండు ఉత్తరాలు ఈ వాక్యంతోనే మొదలయ్యాయి. మా మేనేజర్ గారు పన్నెండోది తెరవకుండానే మొదటి లైన్ చదివి వినిపించారు. కరెక్టే వచ్చింది.

రెమింగ్టన్_తాత | సోమవారం సాయంత్రం 5:10

నాయనలారా, మా కాలంలో చాట్‌బాట్ లేదు గానీ దాని పని చేసే మనిషి ఉండేవాడు. చిక్కడపల్లిలో టైపు ఇన్‌స్టిట్యూట్ మాస్టారు. 1974లో నేను టైపు హయ్యర్ పాసై ఉద్యోగాల వేటలో పడ్డాను. ఆయన దగ్గర గోడకి ఒక అట్ట వేలాడేది: "విత్ రిఫరెన్స్ టు యువర్ అడ్వర్టైజ్‌మెంట్, ఐ బెగ్ టు ఆఫర్ మైసెల్ఫ్ యాజ్ ఎ క్యాండిడేట్..." మేమందరం దాన్నే ఫుల్‌స్కేప్ కాగితం మీద కొట్టి, కింద కార్బన్ కాపీ ఉంచుకుని, పోస్టులో వేసేవాళ్లం. అట్ట ఒకటి, ఊరంతా ఉత్తరాలు. ముప్పై చోట్లకి పంపాను. ముప్పై చోట్లా మౌనం.

ఒకసారి పేపర్లో ఒక ప్రకటన చూశాను. పాతబస్తీలో ఉన్న ఆఫీసుకి గుమాస్తా కావాలి, ఉర్దూ చదవగలిగితే మేలు అని చివర్లో చిన్న అక్షరాల్లో ఉంది. నాకు బడిలో ఉర్దూ వచ్చింది. అట్టలో ఆ ముక్కకి చోటు లేదు. మాస్టారు చూడకుండా అట్ట పక్కకి తిప్పి మొదటి వాక్యమే మార్చాను: మీ పాత ఫైళ్లు ఉర్దూలో ఉంటే నేను చదివి ఇంగ్లిష్‌లో టైపు చేయగలను. అంతే. పదో రోజుకి పిలుపు వచ్చింది. వెళ్తే ఒక దస్తావేజు చేతికిచ్చి చదవమన్నారు.

ఆ ప్రకటన చివర ఏముందో చూశావా నువ్వు? ముందు దాన్ని ఇక్కడ పెట్టు.

ట్యాలీ_కాని_బ్యాలెన్స్ | సోమవారం సాయంత్రం 6:33

తాత గారూ, సిగ్గుగా ఉంది, సరిగ్గా చదవలేదు. ఇప్పుడు చూస్తే మూడో లైన్‌లోనే ఉంది. "కొనుగోళ్ల 2బీ రీకన్సిలియేషన్, వెండార్ ఫాలో-అప్ ప్రధాన బాధ్యత." కింద "ఫార్మా డిస్ట్రిబ్యూషన్ తెలిసినవారికి ప్రాధాన్యం, సీఏ ఇంటర్ చదివినవారైతే మంచిది".

ఆర్టికల్స్_అనుభవం | సోమవారం సాయంత్రం 6:40

నిన్ను చూసి రాసినట్టుందయ్యా ఆ ప్రకటన! సీఏ ఇంటర్ ఒక్కటే నీకు లేదు.

ట్యాలీ_కాని_బ్యాలెన్స్ | సోమవారం సాయంత్రం 6:58

ఉంది... అంటే సగం. డిగ్రీతో పాటే చదివాను. మొదటి గ్రూపు పాసయ్యాను. రెండోది రెండుసార్లు పోయింది. 2023లో డిగ్రీ అయ్యాక ఆర్నెల్లు దానికోసమే ఇంట్లో కూర్చున్నా. అయినా రాలేదు. ఫెయిలైన సంగతి ఎందుకని రెజ్యూమెలో కూడా పెట్టలేదు.

ఆర్టికల్స్_అనుభవం | సోమవారం సాయంత్రం 7:01

😳

మొదటి గ్రూపు పాసై దాచుకున్నావా?? అకౌంటింగ్, లా, ట్యాక్సేషన్ ఆ గ్రూపులోవే కదా!

హెచ్చార్_వదిన | సోమవారం సాయంత్రం 7:20

ఆరు నెలల ఖాళీకి జవాబు కూడా దాంట్లోనే ఉంది. "సీఏ ఇంటర్ మొదటి గ్రూపు ఉత్తీర్ణత" అని రాయి. రెండోది ఏమైందని వాళ్లు అడిగితే రెండుసార్లు రాశాను, రాలేదు అను. అడగనప్పుడు ఎత్తకు. అందులో అబద్ధం లేదు.

జర్మనీ_దారిలో | సోమవారం రాత్రి 9:15

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. నేను నర్సుని, టామ్‌కామ్ (విదేశీ ఉద్యోగాలు చూసే తెలంగాణ ప్రభుత్వ సంస్థ) ద్వారా జర్మనీకి ప్రయత్నిస్తూ భాష నేర్చుకుంటున్నాను. అక్కడ ఈ ఉత్తరాన్ని అన్‌ష్రైబెన్ అంటారు. ఒక్క పేజీ దాటకూడదని మా టీచర్ కచ్చితంగా చెప్పింది. నేను మొదట రాసిన దాంట్లో "చిన్నప్పట్నుంచీ సేవ చేయాలని కల" అని ఉంది. ఆవిడ ఎర్ర పెన్నుతో కొట్టేసి, "ఏ వార్డు, ఎన్ని బెడ్లు, నైట్ డ్యూటీలో ఎంతమందిని చూసేదానివి" అని పక్కన రాసింది. ఈ చర్చ చదువుతుంటే ఆ ఎర్ర పెన్నే గుర్తొచ్చింది.

పెసరట్టు_ఉప్మా | సోమవారం రాత్రి 9:40

ఒక పిట్టకథ. 1482 ప్రాంతంలో లియొనార్డో డావించి ఉద్యోగం కోసం మిలాన్ పాలకుడు లుడోవికో స్ఫోర్జాకి ఉత్తరం రాశాడు. పది అంశాలు వరస పెట్టాడు. తేలిగ్గా మోసుకెళ్లే వంతెనలు, ఫిరంగులు, కప్పు ఉన్న యుద్ధ బండ్లు, అన్నీ ఇవే. బొమ్మలు కూడా వేయగలనన్న మాట ఎక్కడో చివర్లో వస్తుంది.

బోడుప్పల్_మల్లన్న | సోమవారం రాత్రి 9:47

మోనాలిసా ఏసినాయనేనా? గాయిన బొమ్మల ముచ్చట ఆఖర్ల రాసిండా!

హెచ్చార్_వదిన | సోమవారం రాత్రి 9:55

ఆ రాజుకి అప్పుడు కావాల్సింది ఫిరంగులు కదా మల్లన్నా. మన తమ్ముడి మేనేజర్‌కి కావాల్సింది 2బీ. ఎక్స్‌పైరీ డబ్బా ఎంత బాగున్నా రెండో పేరాలోకే.

ట్యాలీ_కాని_బ్యాలెన్స్ | మంగళవారం రాత్రి 11:30

రెండో ప్రయత్నం:

"గౌరవనీయులైన అకౌంట్స్ మేనేజర్ గారికి, మీ ప్రకటనలో 2బీ రీకన్సిలియేషన్ ప్రధాన బాధ్యత అని రాశారు. కోఠిలోని ఒక మందుల డిస్ట్రిబ్యూటర్ దగ్గర మేము ప్రతి నెలా ఈ పని చేస్తాము. 2025లో మేము ఒక సప్లయర్ బిల్లులు మూడు నెలలుగా రావడం లేదని గుర్తించి రూ. 1,84,320 క్రెడిట్ రాబట్టాము. మేము ఎక్స్‌పైరీ క్లెయిములు, స్కీములు కూడా చూస్తాము..."

హెచ్చార్_వదిన | బుధవారం ఉదయం 8:10

చాలా మెరుగు. కానీ ఈ "మేము" ఎవరు? నీ ఒక్కడికే కదా ఉద్యోగం? ఇది మనవాళ్లందరికీ ఉన్న అలవాటే. "నేను చేశాను" అంటే గొప్పలు పోయినట్టుంటుందని మేములో దాక్కుంటాం. ఇంటర్వ్యూలో కూడా ఇంతే. చివరికి ఈ అబ్బాయి చేసిందేంటో తెలియక పంపించేస్తారు.

రెమింగ్టన్_తాత | బుధవారం ఉదయం 9:00

అమ్మాయి చెప్పింది నిజమే కానీ నాకో సందేహం. సప్లయర్‌తో మాట్లాడి సవరణ పెట్టించింది ఎవరు బాబూ? నువ్వా, మీ యజమానా?

ట్యాలీ_కాని_బ్యాలెన్స్ | బుధవారం ఉదయం 9:25

మా ఓనర్ తాత గారూ. నేను రెండుసార్లు ఫోన్ చేస్తే "చూస్తాం" అని పెట్టేశారు. అప్పుడు బిల్లులన్నీ నంబర్లు, డేట్లు, పన్నుతో ఒక షీట్‌లో వేసి ఓనర్‌కి ఇచ్చా. ఆయన ఆ సప్లయర్‌కి తర్వాత రావాల్సిన పేమెంట్ ఆపి ఫోన్ చేశారు. ఆ వారంలోనే ఒప్పుకున్నారు.

రెమింగ్టన్_తాత | బుధవారం ఉదయం 9:40

అయితే అలాగే రాయి. పట్టుకున్నది నేను, లెక్క తీసిచ్చింది నేను, ఒప్పించింది యజమాని. అలా విడదీసి చెప్పే గుమాస్తా మాట ఎవరైనా నమ్ముతారు. అంతా నేనే చేశానంటే "మరి మీ ఓనరేం చేశాడు" అని ఒక్క ప్రశ్న వేస్తారు, నీ నోరు పడిపోతుంది.

ఫార్మా అన్నావు కాబట్టి ఒక మాట. ఈ ఊళ్లో ఇన్ని మందుల కంపెనీలు ఊరికే రాలేదు. బాలానగర్‌లో ఐడీపీఎల్ అని ప్రభుత్వ మందుల కంపెనీ ఉండేది. అంజిరెడ్డి గారు కూడా ముందు అక్కడ పనిచేసినవారే, 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. నాతో టైపు నేర్చుకున్నవాళ్లు ఇద్దరు ఐడీపీఎల్‌లో చేరారు. సరే, నా గోల ఆపుతా.

ఆర్టికల్స్_అనుభవం | బుధవారం మధ్యాహ్నం 12:30

ఒక జాగ్రత్త. ఉత్తరంలో సప్లయర్ పేరు, వరంగల్ షాపు వివరం రాయకు. ఇంటర్వ్యూకి ఆ షీట్ పట్టుకెళ్లినా పేర్లు కొట్టేసి పట్టుకెళ్లు. పాత యజమాని లెక్కలు బయట పరిచేవాడు రేపు వాళ్లవీ పరుస్తాడనుకుంటారు.

ఇంకోటి అడగడం మర్చిపోయా. కిందటి సెప్టెంబర్ 22న మందుల్లో చాలావాటి మీద పన్ను 12 శాతం నుంచి 5కి వచ్చింది కదా, మీ షాపులో ఎవరు చూశారు?

ట్యాలీ_కాని_బ్యాలెన్స్ | బుధవారం మధ్యాహ్నం 2:15

నేనే. 21 ఆదివారం. షాపు మూసి పొద్దున్నుంచి రాత్రి 11 దాకా ట్యాలీలో ఐటమ్‌లన్నిటికీ రేటు మార్చా. మొత్తం సున్నా అయినవి కొన్ని ఉన్నాయి, వాటిని విడిగా పెట్టా. ఓనర్ బిర్యానీ తెప్పించారు 🙂

బోడుప్పల్_మల్లన్న | బుధవారం మధ్యాహ్నం 2:21

బిర్యానీ ముచ్చట గూడ రాయి తమ్మీ.

హెచ్చార్_వదిన | బుధవారం మధ్యాహ్నం 2:50

బిర్యానీ వద్దు, ఆదివారం కావాలి.

ట్యాలీ_కాని_బ్యాలెన్స్ | గురువారం రాత్రి 10:20

"గౌరవనీయులైన అకౌంట్స్ మేనేజర్ గారికి,

మీ ప్రకటనలో 2బీ రీకన్సిలియేషన్, వెండార్ ఫాలో-అప్ ప్రధాన బాధ్యత అని రాశారు. కోఠిలో ఒక మందుల డిస్ట్రిబ్యూటర్ దగ్గర 2024 జనవరి నుంచి అకౌంట్లు చూస్తున్నాను. 2025 జూన్‌లో 2బీ పని అడిగి తీసుకున్నాను. ఆ మొదటి నెలలోనే ఒక సప్లయర్ బిల్లులు మూడు నెలలుగా వేరొకరి జీఎస్టీ నంబరు మీద పడుతున్నాయని పట్టుకున్నాను. బిల్లుల వారీగా లెక్క తీసి యజమానికి ఇచ్చాను. ఆయన సప్లయర్‌తో మాట్లాడి సవరణ చేయించారు. ఆగిన రూ. 1,84,320 క్రెడిట్ తిరిగి వచ్చింది.

నెలకు సుమారు 400 కొనుగోలు బిల్లులు, స్కీములు, ఎక్స్‌పైరీ క్లెయిములు నేనే చూస్తాను. 2025 సెప్టెంబర్ 22న మందుల పన్ను మారినప్పుడు, ముందు రోజు ఆదివారమే ట్యాలీలో రేట్లన్నీ మార్చి సోమవారం పొద్దున్న బిల్లింగ్ ఆగకుండా చూశాను.

ఉస్మానియా బీకామ్, 2023. సీఏ ఇంటర్ మొదటి గ్రూపు ఉత్తీర్ణుణ్ని. డిస్ట్రిబ్యూటర్ వైపు నుంచి చూసిన క్లెయిములను కంపెనీ వైపు నుంచి చూడాలని ఈ ఉద్యోగానికి దరఖాస్తు చేస్తున్నాను. నెల రోజుల్లో చేరగలను."

రెమింగ్టన్_తాత | శుక్రవారం ఉదయం 6:05

నా అట్ట మీద ఇలాంటిది ఉంటే ఊరంతా ఉద్యోగాలొచ్చేవి. ఊహూఁ, తప్పు. అట్ట మీద ఉంటే ఇది కూడా పనిచేసేది కాదు.

హెచ్చార్_వదిన | శుక్రవారం ఉదయం 8:30

"ఉద్యోగానికి దరఖాస్తు చేస్తున్నాను" దగ్గర నాకు కాస్త పొడిగా అనిపించింది గానీ వదిలెయ్, ముట్టుకుంటే చెడుతుంది. ఇంగ్లిష్‌లో కూడా ఇవే చిన్న వాక్యాలు ఉంచు, పెద్ద మాటలు ఎక్కించకు. ఉత్తరాన్ని మెయిల్‌లోనే పెట్టు, రెజ్యూమె పీడీఎఫ్‌గా జతచెయ్యి. సబ్జెక్ట్ లైన్‌లో పోస్టు పేరు, నీ పేరు, "2బీ, ఫార్మా, 2 ఏళ్లు". జీతం వాళ్లు అడగలేదు కాబట్టి నువ్వూ ఎత్తకు.

కూకట్‌పల్లి_కోడర్ | శుక్రవారం ఉదయం 9:12

ఫైల్ పేరు కూడా చూసుకో బాస్. నేను ఒకసారి "రెజ్యూమె_ఫైనల్_ఇదే_లాస్ట్_3" అని పంపా. ఉద్యోగం వచ్చిందనుకో, కానీ చేరాక ఆర్నెల్లు ఆ పేరుతోనే పిలిచారు.

ట్యాలీ_కాని_బ్యాలెన్స్ | శుక్రవారం రాత్రి 9:00

పంపేశా.

బోడుప్పల్_మల్లన్న | పన్నెండు రోజుల తర్వాత, బుధవారం

ఏమాయె తమ్మీ?

ట్యాలీ_కాని_బ్యాలెన్స్ | బుధవారం రాత్రి 8:15

ఏమీ రాలేదన్నా. ఇంకో రెండు చోట్లకి కూడా పంపా, ఒక్కోదానికి మొదటి పేరా మార్చి. ఒకళ్లు పోస్టు నిండిపోయిందన్నారు. ఇంకొకళ్ల నుంచి జవాబే లేదు.

కూకట్‌పల్లి_కోడర్ | బుధవారం రాత్రి 8:20

నేను చెప్పా కదా. (వెక్కిరింపు కాదు.)

ట్యాలీ_కాని_బ్యాలెన్స్ | శుక్రవారం సాయంత్రం 4:47

పటాన్‌చెరు వాళ్లు ఫోన్ చేశారు!! షాపులో ఎక్స్‌పైరీ డబ్బా ముందు కూర్చుని ఉన్నా. మేనేజరే మాట్లాడారు. "ఆ వేరే జీఎస్టీ నంబరు సంగతి ఎలా కనిపెట్టావయ్యా" అని అడిగారు, నిలబడే పది నిమిషాలు చెప్పా. రేపు 10 గంటలకి రమ్మన్నారు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి అంత దూరం ఎలా వెళ్లాలో ఎవరైనా చెప్పండి, అటువైపు ఎప్పుడూ పోలేదు.

ఆర్టికల్స్_అనుభవం | శుక్రవారం సాయంత్రం 4:52

ఆ షీట్‌లో పేర్లు కొట్టేయడం మర్చిపోకు!

బోడుప్పల్_మల్లన్న | శుక్రవారం సాయంత్రం 5:03

పొద్దుగాల ఏడింటికే మెట్రో ఎక్కు, సీదా మియాపూర్ దాక ఒక్కటే రైలు, మారే పని లేదు. ఆడ రోడ్డు మీదికొస్తె పటాన్‌చెరు బస్సులు దొరుకుతయ్. బస్టాండ్ల దిగు, నిద్రపోయి ముత్తంగి దాక పోకు. ఆణ్నుంచి షేర్ ఆటో. కొత్తోడని ఎక్కువ అడుగుతడు, ముందుగాల్నే మాట్లాడుకో. ఇంత తిని పో.